హైదరాబాదు చూడబోయేవారికి: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

సెలవులు దగ్గర పడడంతో ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాదు చూడడం గురించే ఉన్నాయి. ఒకే విషయం అడిగినవారి ఉత్తరాలను కలిపి, నలుగురికీ పనికివచ్చే ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

*ప్రశ్న: దసరా సెలవుల్లో మా కుటుంబం ఆరుగురం హైదరాబాదు రావాలనుకుంటున్నాము. మా అత్తమామలిద్దరికీ డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పిల్లలు ఎనిమిదో తరగతి ఒకరు, అయిదో తరగతి ఒకరు. మాకు దొరికేవి రెండు రోజులే. చూడవలసినవని పద్నాలుగు చోట్లు రాసి పెట్టుకున్నాము. వీటన్నిటినీ ఏ వరుసలో చూడమంటారు?*
– అనకాపల్లి నుంచి ఒక గృహిణి

అమ్మా, మీ జాబితాలో ముందుగా తొమ్మిదింటిని కొట్టేయమని కోరుతున్నాను. ఈ మాట తేలికగా అనడం లేదు. నా చిన్నతనంలో మా నాన్నగారు మమ్మల్ని ఒక ప్రైవేటు బస్సులో ఒక్కరోజులో ఎనిమిది చోట్లు చూపించే యాత్రకు తీసుకువెళ్లారు. ప్రతిచోటా దిగిన అరగంటకే బస్సువారు కేక వేసి పిలిచేవారు. ఆ రోజు గురించి నాకు ఈనాటికీ గుర్తున్నది బస్సు కిటికీ ఒక్కటే. గోలకొండ ఎక్కామని అమ్మ చెబితే తెలిసింది. పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకొని అంత దూరం వచ్చే మీకు అలా జరగకూడదు.

మిగిలే ఐదు ఇవి: గోలకొండ, దాని పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, చార్మినార్. వీటిని ఈ వరుసలోనే చూడమని చెప్పడానికి కారణం ఉంది. ముందు కోట, ఆ తరువాత నదికి ఆవలి ఊరు, హైదరాబాదు పుట్టిన వరుస ఇదే. చాలామంది రాగానే చార్మినార్‌కు వెళ్తారు, గోలకొండను చివరి రోజుకు వాయిదా వేస్తారు. అలా చూస్తే కథను మధ్యలో మొదలుపెట్టినట్టు అవుతుంది. కాకతీయుల కాలంలో మట్టికోటగా ఉన్న గొల్లకొండ బహమనీల చేతికి వెళ్లి, ఆ తరువాత 1518 నుంచి కుతుబ్‌షాహీల రాజధాని అయింది. కోటలో జనం పెరిగి, చోటూ నీళ్లూ చాలని స్థితి వచ్చాక వారి చూపు మూసీ నదికి ఆవలి ఒడ్డు మీద పడింది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో నది మీద వంతెన కట్టారు. అదే ఇప్పటి పురానాపూల్. 1591లో ఆయన కొడుకు మహమ్మద్ కులీ ఆవలి ఒడ్డున కొత్త నగరానికి నడిబొడ్డుగా చార్మినార్ నిలబెట్టాడు. పిల్లలు మొదటిరోజు కోట పైనుంచి తూర్పుకు చూసి, రెండో రోజు ఆ తూర్పున ఉన్న ఊళ్లో నడిస్తే, ఈ సంగతంతా ఎవరూ పాఠం చెప్పకుండానే వారికి అర్థమవుతుంది.

మొదటి రోజు ఉదయం కోట తెరిచే వేళకే గోలకొండ చేరుకోండి. పైకి దాదాపు 360 మెట్లు ఉన్నాయి. అవి ఒక ఎత్తున ఉండవు, కొన్నిచోట్ల నున్నబడిపోయాయి, వాన పడితే జారుతాయి. మీ అత్తమామలు ఎక్కనవసరం లేదు, ఎక్కలేకపోయామని బాధపడనవసరమూ లేదు, ఎందుకంటే కోటలో అందమైనవి సగానికి పైగా కిందనే ఉన్నాయి. బాలాహిస్సార్ ద్వారం దాటగానే ఉన్న గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు కొండ శిఖరం మీద వినిపిస్తుంది. కనుక పిల్లలను, మీవారిని పైకి పంపి, పెద్దవాళ్లు కింద నిలబడి చప్పట్లు కొట్టవచ్చు. తాతగారు కొట్టిన చప్పట్లు పైన తమకు వినిపించాయని పిల్లలు దిగి వచ్చి చెప్పడం కన్నా మంచి జ్ఞాపకం ఈ ప్రయాణంలో మరొకటి ఉండదని నా నమ్మకం. శత్రువు వచ్చాడన్న వార్త నిమిషాల్లో పైకి చేరడానికే ఈ కట్టడాన్ని ఇలా అమర్చారని చెబుతారు. కిందనే నగీనాబాగ్, ఆయుధాగారం, రాణీమహల్ శిథిలాలు, అక్కన్న మాదన్నల కచేరీలు ఉన్నాయి. మేనమామలైన ఈ మంత్రులిద్దరి అండ ఉండీ భద్రాచల రామదాసు చెరసాల పాలయ్యాడు. ఆయనను ఉంచారని చెప్పే గది పైకి వెళ్లే దారిలో వస్తుంది. గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే బొమ్మలను పిల్లలు తప్పక చూడాలి. భద్రాచలం వెళ్లివచ్చిన కుటుంబం అయితే, ఆ గదిలో ఒక్క కీర్తన మనసులో తలుచుకున్నా చాలు.

మధ్యాహ్నానికి సమాధుల దగ్గరకు వెళ్లండి. కోట నుంచి ఒకటి రెండు కిలోమీటర్ల దూరమే. అక్కడ చెట్ల నీడ ఉంది, నడవడానికి చదునైన బాటలు ఉన్నాయి, పెద్దవాళ్లకు కూర్చునే చోటు దొరుకుతుంది. ఒక రాజవంశంలోని పాలకులు దాదాపు అందరూ ఒకేచోట నిద్రిస్తున్న తోట ఇది. చివరివాడైన తానీషా మాత్రం ఇక్కడ లేడు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు కోటను పట్టుకొని ఆయనను దౌలతాబాదుకు తరలించాడు, ఆయన సమాధి మహారాష్ట్రలోని ఖుల్దాబాద్‌లో ఉంది. ఆగాఖాన్ సంస్థ 2013 నుంచి ఏళ్ల తరబడి చేసిన పునరుద్ధరణ వల్ల ఈ తోటలోని మెట్లబావులు మళ్లీ నీటితో కళకళలాడుతున్నాయి. సమాధులను చూసి బావులను చూడకుండా తిరిగివచ్చేవారే ఎక్కువ. మీరు అలా చేయవద్దు. ఆ రోజుకు అంతే. సాయంత్రం గోలకొండలో శబ్ద కాంతి ప్రదర్శన ఉంటుంది, పెద్దవాళ్లకు ఓపిక ఉంటేనే దానికి ఉండండి. ఏ రోజు ఏ భాషలో ప్రదర్శిస్తారో ఉదయమే టికెట్ల దగ్గర కనుక్కోవడం మంచిది.

రెండో రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లాకూ సెలవు, పైగా మక్కామసీదులో మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉండడం వల్ల చార్మినార్ చుట్టూ వీధులు కిటకిటలాడతాయి. ఉదయం పది గంటలకు మ్యూజియం, భోజనం తరువాత చౌమహల్లా, ఎండ తగ్గాక చార్మినార్, ఇదీ వరుస. మ్యూజియం ప్రవేశం దగ్గర చక్రాల కుర్చీ గురించి అడగండి, గదులు చాలా ఉన్నాయి కనుక మీ అత్తగారికి అవసరం పడుతుంది. చౌమహల్లాలో ఖిల్వత్ అనే దర్బారు మందిరం ఒక్కటి చూసినా ఆ రాజసం తెలుస్తుంది. బెల్జియం గాజు దీపాల గుత్తుల కింద నిజాములు కొలువు తీరిన చోటు అది. వెనుక భాగంలో పాత మోటారు కార్లు ఉన్నాయి, పిల్లలకు నచ్చుతాయి.

మీ జాబితాలో ఉన్న ఫిల్మ్‌సిటీ విజయవాడ దారిలో ఊరికి చాలా దూరం, దానికి ప్రత్యేకంగా ఒక రోజు కావాలి. జంతుప్రదర్శనశాలకు కనీసం సగం రోజు పడుతుంది, సోమవారం సెలవు కూడా. వాటిని మరోసారి వచ్చినప్పటికి అట్టిపెట్టుకోండి.

*ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. తొమ్మిదో తరగతి పిల్లలు నలభైమందిని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్లబోతున్నాము. లోపల రెండున్నర గంటలు మాత్రమే ఉండగలము. పోయినసారి తీసుకువెళ్లినప్పుడు పిల్లలు పరుగెత్తి గదులన్నీ చూశారు కానీ మరునాడు అడిగితే గడియారం తప్ప ఏమీ చెప్పలేకపోయారు. ఏం చేయమంటారు?*
– ఖమ్మం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు

మాష్టారూ, తప్పు పిల్లలది కాదు, మీదీ కాదు. నలభై వేలకు పైగా కళావస్తువులున్న చోట రెండున్నర గంటల్లో పెద్దలకే కళ్లు చెదురుతాయి. నా సలహా ఏమిటంటే, బయలుదేరే ముందే తరగతిలో ఐదే ఐదు వస్తువులు ఎంచుకొని, వాటి గురించి చెప్పి, అక్కడ మాత్రం ఏమీ చెప్పకుండా పిల్లల చేత చూపించండి.

ముందుగా ఆ మనిషి గురించి చెప్పండి. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టాడు. చిన్న వయసులోనే ఏడవ నిజాముకు దివానుగా, అంటే ప్రధానమంత్రిగా పనిచేసి, రెండేళ్లకే 1914లో పదవి వదిలి, మిగతా జీవితమంతా దేశదేశాల వస్తువులు సేకరించడానికే వెచ్చించాడు. పెళ్లి చేసుకోలేదు. 1949లో చనిపోయేనాటికి దేవిడీ అని పిలిచే ఆయన పెద్ద భవనం అంతా వస్తువులతో నిండిపోయింది. 1951 డిసెంబరులో నెహ్రూ ఆ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించాడు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. ఒక్క మనిషి ఇష్టం ఒక ఊరి ఆస్తిగా ఎలా మారిందో పిల్లలకు తెలిస్తే, ఆ గదుల్లో వారు మరోలా నడుస్తారు.

ఇక ఐదు వస్తువులు. గడియారాన్ని వదలనక్కరలేదు, దాన్ని సరైన వేళకు చూపించాలి. గంట కొట్టడానికి రెండు మూడు నిమిషాల ముందు ఒక చిన్న బొమ్మ తలుపు తీసుకొని బయటకు వచ్చి, సరిగ్గా వేళకు గంట కొట్టి లోపలికి వెళ్తుంది. పక్కన ఉన్న కమ్మరి బొమ్మ మాత్రం ప్రతి సెకనుకూ సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటాడు. పన్నెండు గంటలకు దెబ్బలు ఎక్కువ కనుక జనమూ ఎక్కువే. మీరు పదకొండు గంటలకు చూపిస్తే పిల్లలందరికీ కనిపిస్తుంది. రెండవది ముసుగు వేసుకున్న రెబెకా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చేసిన పాలరాతి బొమ్మ ఇది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముసుగు కూడా రాయే అని పిల్లలు నమ్మడానికి కొంచెం సేపు పడుతుంది. ఆ కొంచెం సేపే అసలైన పాఠం. మూడవది ఒకే చెక్కలో ముందువైపు మగవాడు, వెనుకవైపు తలవంచుకున్న స్త్రీ ఉన్న శిల్పం. వెనుక అద్దం పెట్టారు, మొదట అద్దంలోకి చూడమనండి. నాలుగవది పచ్చరాతి వస్తువుల గది, అందులో నూర్జహాన్‌దని చెప్పే పండ్లు కోసే కత్తి. ఐదవది మీరు ఎంచుకోకండి, ప్రతి పిల్లవాడినీ తనకు నచ్చిన ఒక వస్తువు దగ్గర పది నిమిషాలు నిలబడి పెన్సిలుతో బొమ్మ వేయమనండి. చేత్తో గీసినదాన్ని మరిచిపోవడం కష్టం.

బయటకు వచ్చాక మరొక పావుగంట మిగిల్చుకోగలిగితే మూసీ వైపు నడిపించండి. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి దాదాపు 15,000 మంది ప్రాణాలు తీసింది. ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మీ పిల్లల పుస్తకంలో విశ్వేశ్వరయ్య పేరు ఎలాగూ ఉంటుంది కదా.

*ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. పదహారేళ్ల మా అమ్మాయి ఈ డిసెంబరులో మొదటిసారి చార్మినార్ చూడబోతున్నది. భాగమతి కథ విన్నప్పటి నుంచి ఆ ప్రేమ కోసమే చార్మినార్ కట్టారని అంటున్నది. అది నిజమేనా? పక్కనున్న మసీదులోకి ఆడవాళ్లు వెళ్లవచ్చునా? ఎలాంటి బట్టలు వేసుకోవాలి? చార్మినార్ దాకా మెట్రోలో వెళ్లవచ్చునా?*
– డాలస్ నుంచి ఒక తండ్రి

అమ్మాయికి ఇంత ఆసక్తి ఉన్నందుకు ముందుగా అభినందనలు. మహమ్మద్ కులీ భాగమతిని ప్రేమించాడని, ఆమె పేర ఊరికి భాగ్యనగరమని పేరు పెట్టాడని జనం నోట చాలాకాలంగా ఉన్న కథను చరిత్రకారుల్లో కొందరు ఒప్పుకుంటారు, మరికొందరు సమకాలీన ఆధారాలు చాలవని కాదంటారు. మహమ్మారి తగ్గినందుకు మొక్కు తీర్చుకోవడానికి కట్టారన్నది ఇంకొక కథ. తేలినది ఏమంటే, 1591 హిజరీ లెక్కలో వెయ్యవ ఏడాదికి సరిపోతుంది, నాలుగు దిక్కులకూ నాలుగు రాజవీధులు పోయేలా వేసిన కొత్త నగరానికి చార్మినార్ కేంద్రం. కథ ఏదో, ఆధారం ఏదో వేరు చేసి చెబుతూనే రెండింటినీ అమ్మాయికి చెప్పండి. ప్రేమకథ నిజమో కాదో తేలకపోయినా, ఇన్ని తరాల జనం దాన్ని నమ్మాలని కోరుకోవడం కూడా ఈ ఊరి చరిత్రలో భాగమే.

పైకి ఎక్కే మెట్లు ఇరుకుగా, మెలికలు తిరుగుతూ ఉంటాయి. మొదటి అంతస్తు నుంచే నాలుగు వీధులూ కనిపిస్తాయి. ఉత్తరాన చార్‌కమాన్ అనే నాలుగు పెద్ద తోరణాలు, వాటి మధ్య గుల్జార్‌హౌజ్ అనే నీటితొట్టి, పడమరన లాడ్‌బజారు. నాలుగు ముఖాలకూ ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి, కనుక ఫొటోలో అవి ఉన్నాయి కదా అని కులీ కాలానివని అనుకోకూడదు.

మక్కామసీదులోకి నమాజు వేళలు కాకుండా మిగతా సమయాల్లో అందరూ వెళ్లవచ్చు. ఆడవాళ్లు ప్రధాన ప్రార్థనాశాలలోకి కాక ప్రాంగణం వరకు వెళ్తారు. చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేసుకొని, తలమీద కప్పుకోవడానికి ఒక చున్నీ వెంట ఉంచుకుంటే సరిపోతుంది. కుతుబ్‌షాహీల కాలంలో మొదలైన ఈ మసీదు 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. ప్రాంగణంలో ఒక పక్కన నిజాముల వంశమైన ఆసఫ్‌జాహీల సమాధులు వరుసగా ఉన్నాయి. ప్రార్థన చేసుకుంటున్నవారిని ఫొటోలు తీయవద్దని మాత్రం అమ్మాయికి ముందే చెప్పండి.

మెట్రో గురించి కూడా అడిగారు. ఈ జవాబు రాసేనాటికి మెట్రో పాతబస్తీలోకి వెళ్లదు. ఆకుపచ్చ మార్గంలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) వద్ద దిగి అక్కడి నుంచి ఆటో ఎక్కాలి.

*ప్రశ్న: మూడు నెలల కింద చార్మినార్ దగ్గర ఒకతను మాతో మాటలు కలిపి, ఆ రోజు ప్యాలెస్ మూసేశారని చెప్పి, ముత్యాల దుకాణానికి తీసుకువెళ్లాడు. పదకొండు వేలు పెట్టి కొన్న హారం నకిలీదని ఇంటికి వచ్చాక తెలిసింది. ప్యాలెస్ ఆ రోజు తెరిచే ఉందట. ఇలాంటి మోసాలు తప్పించుకొనేదెలా?*
– కడప నుంచి ఒక పాఠకుడు

మీకు జరిగిన నష్టానికి చాలా బాధగా ఉంది. ఊరు చూడవచ్చిన అతిథిని ఇలా మోసం చేయడం ఆ వీధుల్లో తరతరాలుగా నిజాయితీగా వ్యాపారం చేసుకునేవారికి కూడా అన్యాయమే. మూసేశారని దారిలో ఎవరు చెప్పినా నమ్మకుండా ద్వారం దాకా వెళ్లి చూడండి. దుకాణానికి దారి చూపేవాడి కమీషను మీరిచ్చే ధరలోనే కలిసి ఉంటుంది కనుక, పత్తర్‌గట్టీలోని దుకాణాలకు మీరే నడిచివెళ్లి నాలుగు చోట్ల ధర అడగండి.

హైదరాబాదు ముత్యాలంటే ఇక్కడ పండేవని చాలామంది అనుకుంటారు. ఇక్కడ సముద్రం లేదు. ఒకప్పుడు బస్రా వైపు నుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా చైనాలో పెంచినవి వస్తాయి. ఈ ఊరి గొప్పతనం వాటికి రంధ్రం వేయడంలో, ఏరడంలో, గుచ్చడంలో ఉంది. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రాస్తే అసలైనవి సన్నని ఇసుకలా గరగరమంటాయి, గాజువీ ప్లాస్టిక్‌వీ నున్నగా జారిపోతాయి. దుకాణంలోనే ఇలా చూడనివ్వకపోతే లేచి వచ్చేయండి, రసీదు లేకుండా కొనకండి.

ముత్యాలు తప్పనిసరి కాకపోతే లాడ్‌బజారులో లక్క గాజులు కొనమని నా సలహా. నిప్పుల మీద లక్కను కరిగించి, వంచి, అద్దాలూ రాళ్లూ ఒక్కొక్కటే అతికించే పని మీ కళ్లముందే జరుగుతుంది. 2024లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వందల రూపాయల్లోనే దొరికే వస్తువు కనుక ఒకవేళ మోసపోయినా కొంపలు మునగవు.

*ప్రశ్న: మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఒక పని మీద ఒక్క సాయంత్రం హైదరాబాదులో ఉంటాము. ఎక్కువ నడవలేరు. ఆయనకు ఏం చూపించమంటారు?*
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

ట్యాంక్‌బండ్ చూపించండి. హుస్సేన్‌సాగర్‌ను 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించారు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఆయనే అని మీ నాన్నగారికి నేను చెప్పనక్కరలేదు. చెరువు మధ్యన ఉన్న బుద్ధ విగ్రహం రాయగిరి దగ్గర దొరికిన ఒకే గ్రానైట్ శిల నుంచి చెక్కినది, ఎత్తు 58 అడుగులు. 1990 మార్చిలో తెప్ప మీద తరలిస్తుండగా నీట మునిగి, ప్రాణనష్టం కూడా జరిగింది. దాన్ని పైకి తీసి 1992లో నిలబెట్టారు. లుంబినీ పార్కు నుంచి పడవలు వెళ్తాయి కానీ, ఎక్కీ దిగే శ్రమ మీ నాన్నగారికి వద్దు. గట్టు మీది నుంచే చక్కగా కనిపిస్తుంది.

ఆయన కోసం నేను చెప్పేది మాత్రం గట్టు మీద వరుసగా ఉన్న తెలుగు వెలుగుల విగ్రహాల గురించి. రుద్రమదేవి, క్షేత్రయ్య, వేమన, మొల్ల ఇలా ముప్పైకి పైగా ఉన్నాయి. 2011లో ఉద్యమ సమయంలో కొన్ని దెబ్బతిన్నాయి, తరువాత మళ్లీ నిలబెట్టారు. ఎండ పూర్తిగా దిగాక వెళ్లండి. వాహనాల రద్దీ ఎక్కువ కనుక చెరువు వైపు కాలిబాట మీదే ఉండండి, వెంట ఒక మడత కుర్చీ తీసుకువెళ్లండి. ఏ విగ్రహం దగ్గర ఆగాలో ఆయననే ఎంచుకోనిచ్చి, కుర్చీ అక్కడ వేయండి. మొల్ల దగ్గర ఆగితే ఒక పద్యం చదవమని అడగండి. ఫోనులో ఆ గొంతు రికార్డు చేసుకోవడం మరవకండి.